చనిపోని కోడిపిల్లల గురించి

పోయిన చలికాలం అనపర్తి దగ్గర ఒక ఫారం నుంచి ఫోన్ వచ్చింది. గుడ్ల కోళ్ల బ్యాచ్, తొమ్మిది వారాల వయసు. "మేడం, లసోటా రెండుసార్లు వేశాం. అయినా రోజూ పోతూనే ఉన్నాయి. వ్యాక్సిన్ మంచిది కాదేమో" అన్నాడు రైతు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. లసోటా అంటే రాణీఖేత్ అనే వైరస్ జబ్బు రాకుండా కోళ్లకు వేసే వ్యాక్సిన్.

షెడ్డు పక్కన బల్ల వేయించి ఐదు కోళ్లను కోసి చూశాను. పొట్టలో రక్తపు చుక్కలు, రాణీఖేత్ లక్షణాలే. అయితే నేను వెతికింది ఇంకొకటి. కోడికి మలద్వారం పైన, లోపలివైపు ఒక చిన్న తిత్తి ఉంటుంది. దాన్ని బర్సా అంటాం. చీరి చూస్తే లోపలంతా కుచ్చిళ్లలా మడతలు. ఆ వయసుకి రేగిపండంత ఉండాలి. ఐదింటిలోనూ శనగగింజంతే ఉంది.

ఈ తిత్తి గురించి మొదట రాసింది ఇటలీలోని పాడువాకు చెందిన ఫాబ్రీషియస్. ఆ పుస్తకం ఆయన పోయాక 1621లో అచ్చయింది. అది ఎందుకుందో మూడు వందల ఏళ్లకు పైగా తేలలేదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో గ్లిక్ అనే విద్యార్థి పిల్లలప్పుడే బర్సా తీసేసిన కోళ్లను పెంచుతుండేవాడు. తోటివాడు చాంగ్, యాంటీబాడీలు ఎలా పుడతాయో క్లాసులో చూపించడానికి వాటిలో కొన్ని అడిగి తీసుకున్నాడు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కించినా వాటిలో యాంటీబాడీలు పుట్టలేదు. ఆ సంగతి రాసి పంపితే 'సైన్స్' అనే పత్రిక వద్దంది. 1956లో 'పౌల్ట్రీ సైన్స్' అనే పత్రిక వేసుకుంది. యాంటీబాడీలు చేసే, కరోనా రోజుల్లో అందరి నోటా విన్న బి కణాల్లో 'బి' ఈ బర్సాదే. మనుషులకు బర్సా లేదు, మన బి కణాలు ఎముక మజ్జలో తయారవుతాయి. అయినా పేరు మాత్రం కోడి దగ్గర నుంచే వచ్చింది. కోళ్ల డాక్టరుగా నాకు ఇది ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు.

రికార్డు పుస్తకం తిరగేశాను. 14వ రోజు గంబోరో అనే వైరస్ జబ్బుకు వ్యాక్సిన్, నీళ్లలో. ఏ నీళ్లని అడిగితే పైన ట్యాంకు నీళ్లే అన్నాడు. ఆ పొద్దున్నే అందులో బ్లీచింగ్ వేశారట. క్లోరిన్ తగిలితే ఆ వ్యాక్సిన్ వైరస్ చచ్చిపోతుంది. 17వ రోజు దగ్గర పెన్సిల్‌తో రాసి ఉంది: "పిల్లలు డల్. తెల్ల విరేచనాలు." నాలుగు రోజుల్లో తేరుకున్నాయి, పెద్దగా చావులు లేవు. గండం గడిచిందనుకున్నారు.

గడవలేదు. గంబోరో వైరస్ తినేసేది బర్సానే. మూడు వారాల లోపు తగిలితే పిల్లలు చాలావరకు బతుకుతాయి, కానీ బర్సా మళ్లీ కోలుకోదు. బి కణాలు ఇంకా శరీరమంతా సర్దుకోకముందే వాటి పుట్టిల్లు కూలిపోతుంది. ఇక ఆ తర్వాత లసోటా ఎన్నిసార్లు వేసినా యాంటీబాడీలు చేసేవి ఏవి? అందుకే నాకు చచ్చిన పిల్లల లెక్క కన్నా డల్‌గా ఉండి లేచిన పిల్లల మీదే బెంగ.

తర్వాతి బ్యాచ్‌కి ఆయనే ఫోన్ చేశాడు. బ్లీచింగ్ ఆపి, మిగిలిన క్లోరిన్‌ని విరిచేయడానికి నీళ్లలో పాలపొడి కలిపి వ్యాక్సిన్ వేశాడు. 28వ రోజు వెళ్లి మూడు పిల్లల్ని కోసి, బర్సానీ ప్లీహాన్నీ పక్కపక్కన పెట్టాను. బర్సా పెద్దదిగా, తెల్లగా, నిండుగా ఉంది. వంగి చూసి, "ఒక్క నిమిషం మేడం, ఫొటో తీసి మా బావకి పంపిస్తా. వాళ్ల షెడ్డులో పిల్లలకి ఇవాళ పదకొండో రోజు" అన్నాడు.