రొయ్యల కొనుగోలుకు వర్క్‌ఫ్లో: ఎక్కడ బిగించాం, ఎక్కడ వదిలాం

నెల్లూరు జిల్లాలో విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు చెరువుల నుంచి వనామీ రొయ్యలు కొనే ఒక ప్రాసెసింగ్ ప్లాంటుకు కొనుగోలు వర్క్‌ఫ్లో, అంటే పనులు ఒకదాని తర్వాత ఒకటి సాగే క్రమం, ఆటోమేట్ చేసే పని నేను చూశాను. రైతు ఫోను, శాంపిల్, రేటు, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం), బండి, గేటు దగ్గర తూకం, క్వాలిటీ పరీక్షలు, చెల్లింపు. కాగితం మీద ఒక పేజీలో ఇమిడే వరసే ఇది. చెరువు గట్టు మీద మాత్రం నిలవదు. వైట్ స్పాట్ జబ్బు కనిపిస్తే ఆ రాత్రికే పట్టుబడి పెట్టాలంటారు రైతులు. వానకు బండి కట్ట మీద దిగబడుతుంది. ఇట్లాంటివన్నీ వర్క్‌ఫ్లో బొమ్మలో బాణాలుగా గీస్తూ పోతే అది ఎవరికీ అర్థం కాదు. బొమ్మలో లేని ఇబ్బంది వచ్చిన రోజున అందరూ సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి వాట్సాప్‌లో పని కానిస్తారు.

అందుకని ముందు ఏవి వదలకూడదో రాసుకున్నాం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లనే నిషేధిత యాంటీబయాటిక్‌ల పరీక్ష ఫలితం రాకుండా ఏ లాటునూ యూరప్ ఆర్డరుకు కేటాయించకూడదు. ఏ చెరువు సరుకో తెలియని క్రేటు గ్రేడింగ్‌కు పోకూడదు. రేటు మార్చినవాళ్లే ఆ బిల్లు ఆమోదించకూడదు. మిగతావి ముందువెనకలైనా సరే. నెదర్లాండ్స్‌లోని ఐంథోవన్‌లో మాయా పెసిచ్, విల్ వాన్ డెర్ ఆల్స్ట్ తెచ్చిన డిక్లేర్ పద్ధతి సారం ఇదే: దాటకూడని హద్దులు రాస్తారు, వాటి లోపల ఏ వరసలో చేసినా ఒప్పుకుంటారు. మేము వాడిన వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ కమూండా 7లో ఆ పద్ధతి లేదు. కాబట్టి పని పూర్తయిందని నొక్కిన క్షణంలో టాస్క్ లిజనర్ (అప్పుడు తనంతట తనే నడిచే చిన్న కోడ్) ఈ షరతులు సరిచూసి, కుదరకపోతే ఆ పనిని ముగియనివ్వకుండా చేశాం.

ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది కేస్ నంబరు గురించి. మొదటి నుంచి చివరిదాకా ఒకటిగా లెక్కించే పనిని కేస్ అంటారు. బండిని కేస్‌గా పెట్టాలా, చెరువునా? పెద్ద చెరువుకు రెండు మూడు బండ్లు పోతాయి. చిన్న చెరువులైతే ఇద్దరు రైతుల సరుకు ఒకే బండిలో వస్తుంది. బండిని కేస్ చేస్తే రైతు బిల్లు తేలదు. చెరువును కేస్ చేస్తే ఒకే బండి వచ్చినట్టు రెండు కేసుల్లో నమోదై, వచ్చిన బండ్ల లెక్క పెరిగిపోతుంది. చివరికి పట్టుబడిని కేస్ చేసి, బండినీ లాటునూ విడి వస్తువులుగా ఉంచి, ప్రతి నమోదుకూ సంబంధమున్న నంబర్లన్నీ తగిలించాం. ఇట్లాంటి నమోదులు దాచే పాత ఎక్స్‌ఈఎస్ ఫార్మాట్‌లో ఒక నమోదు ఒక కేసుకే చెందుతుంది. 2020లో వచ్చిన ఓసీఈఎల్ అనే ఫార్మాట్ ఈ చిక్కు కోసమే పుట్టింది.

గట్టు మీద సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి నమోదులు ఫోనులో దాగి తర్వాత ఎక్కుతాయి. పని జరిగిన సమయం, సర్వరుకు చేరిన సమయం, రెండూ దాచాలి. చేరిన సమయం ఒక్కటే ఉంటే, ప్రాసెస్ మైనింగ్‌లో (నమోదుల నుంచి పని నడిచిన తీరు వెలికితీసే విశ్లేషణలో) పట్టుబడి కన్నా తూకమే ముందు జరిగినట్టు కనిపిస్తుంది.

ఇక గొడవలన్నీ కౌంట్ దగ్గరే. శాంపిల్‌లో 40 కౌంట్, అంటే కిలోకు 40 రొయ్యలు, అన్నది గేటు దగ్గర 44 తేలితే రేటు పడిపోతుంది. వల ఒక్క మూలనే వేసి తీస్తే పెద్దవే పడొచ్చు. నీళ్లు కారకముందే తూచినా కౌంట్ బాగున్నట్టు చూపిస్తుంది. తేడా రెండు లోపు అయితే రేటు తనంతట తనే సర్దుకుంటుంది. దాటితే రైతు మనిషి ఎదుటే క్రేట్ల పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి మళ్లీ శాంపిల్ తీసే ఉపప్రాసెస్ మొదలవుతుంది. జబ్బుతో పట్టిన సరుకుకు ఇది పనిచేయదు. ముందు మెత్తపెంకువి వేరు చేయాలి. ఆ నియమాన్ని పాత నియమం కిందనే కొమ్మలా చేర్చి, దానికి కారణమైన పట్టుబడి వివరాలను పక్కనే దాచాం. పాత నియమాన్ని ముట్టుకోం కాబట్టి నిన్నటిదాకా సరిగ్గా తేలిన కేసులు చెడవు. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో మైఖేల్ ఆడమ్స్ యాల్ అనే వర్క్‌ఫ్లో ఇంజన్‌కు చేసిన వర్క్‌లెట్లు (సందర్భాన్ని బట్టి ఎంచుకునే చిన్న ఉపప్రాసెస్‌లు) ఇట్లాగే నడుస్తాయి. కమూండాలో అయితే కాల్ యాక్టివిటీకి, అంటే ఇంకో ప్రాసెస్‌ను పిలిచే అడుగుకు, ప్రాసెస్ పేరును ఎక్స్‌ప్రెషన్‌గా (నడిచేటప్పుడు విలువ తేలే సూత్రంగా) ఇస్తే చాలు, ఏ ఉపప్రాసెస్ నడవాలో ఆ నియమాల చెట్టే చెబుతుంది.

నడుస్తున్న కేసుల మధ్యలో ప్రాసెస్ మార్చడం అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సిన పని. గేటు దగ్గర కౌంట్, ఉష్ణోగ్రత మొదట పక్కపక్కన జరిగేవి. ఉష్ణోగ్రత ముందు, కౌంట్ తర్వాత అని మార్చాం. ఆ సమయానికి కౌంట్ అయిపోయి ఉష్ణోగ్రత మిగిలిన బండికి కొత్త బొమ్మలో చోటే లేదు. ఉష్ణోగ్రత దగ్గర పెడితే కౌంట్ రెండోసారి చేయాలి, దాటించి పెడితే ఉష్ణోగ్రత చూడకుండానే సరుకు లోపలికి పోతుంది. కమూండాలో కొత్త వెర్షన్ ఎక్కించినా, మనం తరలించకపోతే పాత కేసులు పాత దాని మీదే సాగుతాయి. గేటు కేసు గంటల్లో ముగుస్తుంది కాబట్టి వాటిని తరలించే పనే పెట్టుకోలేదు.

చెల్లింపు కేసులు మాత్రం వారాల తరబడి తెరిచి ఉంటాయి. అందుకే చెల్లింపును విడి ప్రాసెస్‌గా తీసి, లాటు ఆమోదమైందన్న సందేశంతో మొదలయ్యేట్టు పెట్టాం. గేటు ఫారం ఎన్నిసార్లు మారినా వాటికి తగలదు. చెల్లింపులోనే మార్పు వస్తే, మేనేజర్ ఆమోదం కోసం ఆగి ఉన్న కేసులను మాత్రమే కొత్త వెర్షన్‌కు తరలిస్తాం. బ్యాంకుకు ఎక్కినవి పాత దాని మీదే ముగుస్తాయి.