కైలాసగిరి ఎక్కనని మొరాయించిన ఎంజీబీ

పోయిన ఆదివారం మా ఎంజీబీలో (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కైలాసగిరి ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పాకింది, పక్కకి ఆపి వంగి చూస్తే వాటర్ పంపు అడుగున ఉండే చిన్న కన్నంలోంచి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) బొట్లు బొట్లుగా కారుతోంది. ఆ కన్నం పెట్టిందే అందుకు: లోపలి సీలు పోతే నీళ్లు బేరింగులోకి పోకుండా బయటికొచ్చి మనకి చెబుతాయి. అంటే పంపు మార్చాల్సిందే.

పంపుని పట్టి ఉంచేవి నాలుగు బోల్టులే. కానీ దాన్ని చేరాలంటే ముందు రేడియేటర్, ఫ్యాను, బెల్టు విప్పాలి. మూడు బోల్టులు వచ్చేశాయి, నాలుగోది మా బీచ్ రోడ్డు ఉప్పుగాలికి తుప్పట్టి పట్టేసింది. "బలం పెట్టకు బాబూ, విరిగితే ఇంజిన్ బ్లాకులో ఉండిపోద్ది" అని మెకానిక్ బాబాయ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయమన్నాడు. ఆయన అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన మనిషి. ఈ 1798 సీసీ ఇంజిన్, పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ ఒకే కుటుంబానివి కదా, బానెట్ ఎత్తగానే చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

మర్నాడు పంపుకీ ఇంజిన్‌కీ మధ్య అతుక్కుపోయిన పాత ప్యాకింగ్ గీకడానికే గంట పట్టింది. కొత్త పంపు బిగించి, బెల్టు మధ్యలో వేలితో నొక్కితే అరంగుళం దిగేలా సరిచేసి, హీటర్ వాల్వు తెరిచి కూలెంట్ పోశాం, లేకపోతే లోపల గాలి ఇరుక్కుంటుంది (వైజాగ్‌లో హీటరెందుకో దేవుడికే తెలియాలి). సాయంత్రం మళ్లీ కొండెక్కాం. ముల్లు కదల్లేదు, రాత్రి కారు కింద పెట్టిన అట్టముక్క కూడా పొడిగానే ఉంది.