జాకీ దూరని కారు

ఇంజిన్ ఆయిల్ మారుద్దామని పొద్దున్నే గరాజ్‌లో నేల మీద బోర్లా పడుకుని చూస్తున్నా, జాకీ మా మియాటా (నేలకు బాగా దగ్గరగా ఉండే చిన్న మాజ్దా స్పోర్ట్స్ కారు) ముందు బంపర్ కింద దూరితే ఒట్టు. అంగుళం తేడా, అంతే!

చివరికి ముందు టైర్లను రెండు చెక్కల మీదికి మెల్లగా ఎక్కించా. ఒకటిన్నర అంగుళం లేచింది, చాలు. హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో మధ్యలో క్రాస్‌మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే గట్టి దూలం) దగ్గర లేపి, రెండు వైపులా కారు బరువు మోసే స్టాండ్లు వేశాక, కారుని గట్టిగా ఊపి చూశా. కదల్లేదు.

అయినా కిందికి దూరేటప్పుడు గుండె దడే. వట్టి జాకీని నమ్ముకుని మాత్రం దూరకండి బాబూ, జాకీ లోపలి ఆయిల్ సీల్ పోయిందంటే కారు మీదకి దిగిపోతుంది.

"మెకానిక్ షాపు పది నిమిషాల దూరమే కదా" అంది మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి.

అప్పటికే పాత ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్ట్ చేతిలోకి వచ్చేసింది, వేడి ఆయిల్ మోచేతి దాకా.