రెండు అండాశయాలూ తీసేశాక మనసు: మూడో రోజు నుంచి ఎనిమిదో నెల దాకా

గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశాక నా పొట్ట మీది కుట్లు రెండు వారాల్లో మానాయి. మనసు కుదుటపడటానికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పుడు నా వయసు 42, ఉండేది బెంగళూరు. ఆ ఎనిమిది నెలల్లో ఏ మందు ఎందుకు పనిచేసిందో, ఏది ఎక్కడ బెడిసికొట్టిందో రాస్తున్నాను. ఇదే ఆపరేషన్‌కు తేదీ ఖాయమైనవాళ్లకూ, అయిపోయి ఇంట్లో పడుకుని "నాకేమైంది?" అనుకుంటున్నవాళ్లకూ.

సహజంగా ముట్లుడిగేటప్పుడు (మెనోపాజ్) అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ కొన్నేళ్ల పాటు ఎగుడుదిగుడుగా తగ్గుతుంది. ఆపరేషన్‌లో రెండు అండాశయాలూ పోతే ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. టెస్టోస్టిరాన్‌లో కూడా దాదాపు సగం పోతుంది. మెదడులో సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలు పనిచేసే తీరును ఈస్ట్రోజన్ ప్రభావితం చేస్తుంది. మెదడును నెమ్మదింపజేసే అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం అండాశయాల మరో హార్మోన్ ప్రొజెస్టిరాన్ నుంచి తయారవుతుంది. ఇవన్నీ ఒకేసారి తగ్గితే వచ్చేది ఒట్టి దిగులు కాదు. నా మటుకు దిగులు కన్నా ఉలికిపాటు, కోపం ఎక్కువ. మామూలు రోజుల్లో కోపం వచ్చే ముందు మనకు కాస్త ఎడం దొరుకుతుంది కదా, ఆ ఎడం పోయింది. తెల్లవారుజామున కారణం లేని గుండెదడ, తెలిసినవాళ్ల పేర్లు నోటికి రాకపోవడం, గ్యాస్ మీద పాలు పెట్టి మరిచిపోవడం. నెలసరికి ముందు వారం బాగా చిరాకుపడేవాళ్లకూ, కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చినవాళ్లకూ ఈ దెబ్బ గట్టిగా తగిలే అవకాశం ఉంది. ఆపరేషన్‌కు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అడగకపోయినా మనమే చెప్పాలి.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది, అసలు ఏం తీశారన్నది. మన వైపు "సంచి తీసేశారు" అనే ఒక్క మాటలో అన్నీ కలిసిపోతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇంతమందిలో అండాశయాలు ఉన్నాయో పోయాయో తెలియనివాళ్లు నాకు చాలామందే తారసపడ్డారు. డిశ్చార్జి కాగితంలో టి.ఎ.హెచ్. అంటే పొట్ట కోసి సంచి తీయడం, టి.ఎల్.హెచ్. అంటే లాప్రోస్కోపీతో తీయడం. దాని పక్కన బి.ఎస్.ఓ. అని ఉంటే రెండు వైపులా గొట్టాలూ అండాశయాలూ పోయినట్టు. యు.ఎస్.ఓ. అంటే ఒక వైపే. బైలేటరల్ సాల్పింజెక్టమీ అని మాత్రమే ఉంటే గొట్టాలే తీశారు, అండాశయాలు ఉన్నాయి. బయాప్సీ రిపోర్టులో కూడా ఏ ఏ భాగాలు పంపారో మొదటి వరుసల్లోనే ఉంటుంది, రెండూ సరిపోల్చుకోండి. ఒక అండాశయం మిగిలినా అది పనిచేస్తూ ఉండొచ్చు. అలాంటివాళ్లకు ఈ హఠాత్తు పతనం ఉండదు, కాకపోతే మెనోపాజ్ కొంచెం ముందుగా రావచ్చు. నా కాగితంలో బి.ఎస్.ఓ. అని స్పష్టంగానే ఉంది. అంటే మెనోపాజ్ వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్ పరీక్ష అక్కర్లేదు. ఆ డబ్బు పెట్టాల్సిన పరీక్షలు వేరే ఉన్నాయి.

అవేమిటంటే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ పరీక్ష), బి12, విటమిన్ డి. ఏళ్ల తరబడి ఎక్కువ రక్తస్రావమై ఆపరేషన్ దాకా వచ్చినవాళ్లకు రక్తహీనత చాలా మామూలు. దాని నీరసం, గుండెదడ అచ్చం ఆందోళనలాగే ఉంటాయి. థైరాయిడ్ తక్కువైతే దిగులు, ఎక్కువైతే దడ, చెమటలు. మాంసం తినని ఇళ్లలో బి12 తగ్గి మతిమరుపు రావడం కొత్త కాదు. నాకు ఫెరిటిన్ బాగా తక్కువగా వచ్చింది. ఐరన్ మాత్ర పరగడుపున నీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకుని, కాఫీకి కనీసం గంట ఆగాలి. ఫిల్టర్ కాఫీతో కలిపి మింగితే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం పాటించాలి.

ఇక నిద్ర. పగటి కోపానికి సగం మూలం రాత్రిలోనే ఉందని నోటుబుక్కులో రాసుకుంటే గాని నాకు తెలియలేదు. ఒళ్లంతా ఒక్కసారిగా వేడెక్కి, చెమట పట్టి, మెలకువ వస్తుంది. బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి డిసెంబరు, జనవరి రాత్రుళ్లలో ఆ చెమటే అయిదు నిమిషాలకు చలై వణికిస్తుంది. దుప్పటి తీయడం, మళ్లీ కప్పుకోవడంతోనే తెల్లారుతుంది. మందపాటి రజాయి తీసేసి పలచటి నూలు దుప్పట్లు రెండు పొరలుగా వేసుకున్నాను, ఒకటి తీసినా ఒకటి ఉంటుంది. తలగడ పక్కన పొడి నైటీ, చిన్న తువ్వాలు, చెంబుతో నీళ్లు. లేచి లైటు వేసి బీరువా వెతికితే నిద్ర పూర్తిగా చెదిరిపోతుంది, అందుకే అన్నీ చేతికందేలా పెట్టుకోవాలి. మధ్యాహ్నం పన్నెండు దాటాక కాఫీ మానేశాను. ఈ మార్పులు నిద్రను కొంత నిలబెట్టాయి, ఒళ్లు వేడెక్కే ఆ ఆవిర్లను మాత్రం ఆపలేదు. వాటికి మందే కావాలి.

నోటుబుక్కులో రోజుకు ఒక్క వరుస చాలు: ఎన్ని గంటలు నిద్ర, చెమటతో ఎన్నిసార్లు మెలకువ, పగలు మనసు సున్నా నుంచి పది వరకు ఎక్కడుంది, ఆ రోజు వేసుకున్న మందులు, ఏదైనా గొడవ. అంతకుమించి రాయాలనుకుంటే వారానికే మానేస్తాం. మూడు వారాలు నిండాక చూస్తే, మూడుసార్లకు మించి లేచిన రాత్రి మర్నాడు నా అంకె నాలుగు దాటలేదు. ఆ పేజీలు తీసుకెళ్లి బల్ల మీద పెడితే డాక్టరుతో మాట తీరే మారుతుంది. "చిరాగ్గా ఉంటోందండీ" అంటే "ఇంటి టెన్షన్‌లేమో అమ్మా" అని వినాల్సి రావచ్చు. "వారంలో అయిదు రాత్రులు, రాత్రికి నాలుగుసార్లు" అంటే చికిత్స గురించి మాట్లాడతారు.

హార్మోన్ చికిత్స గురించి భయం ఇంకా గట్టిగానే ఉంది. 2002లో అమెరికాలోని విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరిశోధన నుంచి వచ్చిన భయం అది. అందులో పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63. అప్పుడు రొమ్ము క్యాన్సర్ పెరిగిందని తేలింది ఈస్ట్రోజన్‌కు ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ లాంటి మందు) కలిపి వాడినవాళ్లలో. గర్భసంచి లేక ఈస్ట్రోజన్ ఒక్కటే వాడిన రెండో గుంపు ఫలితాలు 2004లో వచ్చాయి. వాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, పక్షవాతం ముప్పు మాత్రం కొంచెం పెరిగింది. నలభై రెండేళ్లకు అండాశయాలు పోయినవాళ్లకు ఆ లెక్క నేరుగా వర్తించదు. శరీరం ఇంకొన్నేళ్లు తానే తయారుచేసుకోవాల్సినదాన్ని మనం తిరిగి ఇస్తున్నాం. వాడకూడని కారణం లేకపోతే సహజంగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా వాడమనే మార్గదర్శకాలు చెబుతున్నాయి, మనసు కోసమే కాదు, ఎముకల కోసం, గుండె కోసం కూడా. రొమ్ము క్యాన్సర్, కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డ, ఈ మధ్య వచ్చిన గుండెపోటు, పక్షవాతం, ముదిరిన కాలేయ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. గర్భసంచి మిగిలి ఉంటే ప్రొజెస్టిరాన్ తోడుగా తప్పనిసరి, లేకపోతే సంచి లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయొచ్చు. నాకు సంచి లేదు కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే.

మాత్ర, జెల్ రెండూ దొరుకుతాయి. మాత్ర కాలేయం గుండా వెళ్లి రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత పెంచుతుంది, చర్మం నుంచి వెళ్లే జెల్‌తో ఆ ముప్పు అంతగా కనిపించలేదు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు ఈస్ట్రోజన్ మాత్ర మొదలుపెడితే థైరాక్సిన్ మోతాదు పెంచాల్సి రావచ్చు. అందుకే రెండు మూడు నెలలకు టి.ఎస్.హెచ్. మళ్లీ చూపించుకోవాలి. జెల్‌తో సాధారణంగా ఆ ఇబ్బంది రాదు.

0.06 శాతం జెల్ 1.25 గ్రాములలో 0.75 మిల్లీగ్రాముల ఈస్ట్రడయాల్ (ఈస్ట్రోజన్‌లో ఒక రకం) ఉంటుంది. నాకు మొదట రోజుకు 2.5 గ్రాములు, అంటే 1.5 మిల్లీగ్రాములు రాశారు. స్నానం చేసి, పూర్తిగా తుడుచుకుని, భుజం నుంచి మోచేతి దాకా గానీ తొడ లోపలి వైపు గానీ పలచగా పరచాలి. రుద్దనక్కర్లేదు. రొమ్ముల మీద రాయకూడదు. అయిదు నిమిషాలు ఆరనిచ్చి బట్టలు వేసుకోవాలి, చేతులు కడుక్కోవాలి. ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ఆరేదాకా దీపం దగ్గరికీ పొయ్యి దగ్గరికీ వెళ్లొద్దు. గంట పాటు ఆ చోటు తడపకూడదు, చంటిపిల్లలను ఆ చేతి మీద పడుకోబెట్టుకోకూడదు. నేను చేసిన పొరపాటు కొబ్బరి నూనె. స్నానం కాగానే చేతులకు నూనె రాసుకునే అలవాటుతో దాని మీదే జెల్ రాశాను. మూడు వారాలైనా ఆవిర్లు తగ్గలేదు. రక్తంలో ఈస్ట్రడయాల్ చూస్తే దాదాపు ఎక్కలేదు. నూనె రాత్రికి మార్చాక రెండు వారాల్లో మెలకువలు నాలుగు నుంచి ఒకటికి వచ్చాయి. మనసు మాత్రం నిద్ర వెనకాలే నింపాదిగా వచ్చింది. మూడు నెలల లోపు "ఇది పనిచేయడం లేదు" అని తీర్పు చెప్పొద్దు. చిన్న వయసులో ఆపరేషన్ అయినవాళ్లకు మామూలు మెనోపాజ్ మోతాదు సరిపోకపోవచ్చు, పెంచాల్సి వస్తే అదేమీ తప్పు కాదు.

హార్మోన్ వాడకూడనివాళ్లకూ, వాడినా దిగులు తగ్గనివాళ్లకూ ఎసిటలోప్రామ్, వెన్లఫాక్సిన్ లాంటి డిప్రెషన్ మందులు ఉన్నాయి. ఇవి వేడి ఆవిర్లను కూడా కొంత తగ్గిస్తాయి. నాకు రెండో నెల నుంచి ఎసిటలోప్రామ్ చేర్చారు, వారం పాటు 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. మొదటి వారం వికారం, ఆందోళన కాస్త పెరగడం ఉంటాయి. ఇది ముందే తెలియక చాలామంది నాలుగో రోజుకే ఆపేస్తారు. మనసు తేలికపడటానికి రెండు నుంచి ఆరు వారాలు. బాగుందని ఒక్కసారి ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం వస్తాయి, డాక్టరు చెప్పిన వరుసలోనే తగ్గించాలి. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడేవాళ్లకు పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు సరిపడవు. టామోక్సిఫెన్ కాలేయంలో అసలు మందుగా మారకుండా అవి అడ్డుపడతాయి. చీటీ రాసే సైకియాట్రిస్టుకు టామోక్సిఫెన్ సంగతి తప్పక చెప్పండి.

అల్ప్రాజోలామ్ గురించి గట్టిగానే చెప్పాలి. "నిద్ర పట్టడం లేదు" అనగానే తేలిగ్గా రాసిచ్చే మాత్ర ఇది. కొద్ది రోజులకు పర్లేదు. నెలలు గడిస్తే శరీరం దానికి అలవాటుపడి, మానేసిన రాత్రి ఆందోళన రెట్టింపుగా వస్తుంది. అప్పుడు ఏది మెనోపాజో ఏది మాత్ర దెబ్బో విడదీయలేం. శతావరి, సోయా, అవిసె గింజలు తింటే తినండి, ఆహారంగా మంచివే, చికిత్సకు బదులు కాదు. అశ్వగంధ థైరాయిడ్‌ను కదిలిస్తుంది, కొందరిలో కాలేయాన్ని దెబ్బతీసింది. వాడుతుంటే డాక్టరుకు చెప్పి వాడండి.

మాటల చికిత్స నాకు కోపం దగ్గర పనికొచ్చింది. ఆవిరి మొదలవుతున్నట్టు అనిపించగానే అయిదు సెకన్లు లోపలికి, అయిదు సెకన్లు బయటికి, నిమిషానికి ఆరు ఊపిర్లు. రోజూ పొద్దున, సాయంత్రం పదిహేను నిమిషాలు అలవాటు చేస్తేనే అవసరానికి పలుకుతుంది. నిద్రకైతే, ఎన్నింటికి పడుకున్నా లేచే వేళ ఒకటే. ఇరవై నిమిషాలకూ నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు వాలినప్పుడే మళ్లీ మంచం ఎక్కాలి.

ఇంట్లోవాళ్లకు ఆపరేషన్‌కు ముందే చెప్పి పెట్టాల్సిన మాట ఒకటుంది. కోపం వచ్చాక వివరించడం కుదరదు. "నాకు ఇప్పుడు పది నిమిషాలు కావాలి, వచ్చి మాట్లాడతా" అని లోపలికి వెళ్తే ఎవరూ వెనకాల రాకూడదని మా ఇంట్లో ఒప్పందం. అత్తయ్యకు కూడా అదే చెప్పాను: "మీ మీద కోపం కాదత్తయ్యా, మందు ఇంకా కుదరలేదు." "ఆపరేషన్ అయి మూడు నెలలైంది కదా, ఇంకా ఏంటి?" అనే ప్రశ్న ఎదురైతే, ఎముక విరిగితే కట్టు విప్పాక కూడా ఫిజియోథెరపీ ఉంటుంది కదా అనేదాన్ని. అర్థమైంది.

డిప్రెషన్ ఎంత ఉందో చూసే పి.హెచ్.క్యూ.-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టీ ఉంటుంది, గత రెండు వారాల గురించి. మొత్తం 27లో పది గానీ అంతకు మించి గానీ వస్తే సైకియాట్రిస్టును కలవాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏ జవాబు వచ్చినా మొత్తం ఎంతన్నది చూడొద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, రోజంతా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులో ఉన్నవాళ్లకు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్యశాల ఉంది, అత్యవసర విభాగం రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

ఇప్పుడు నేను జెల్ మాత్రమే వాడుతున్నాను. ఎసిటలోప్రామ్ ఏడాది వాడి, రెండు నెలల్లో మెల్లగా తగ్గించి ఆపారు. బరువులెత్తే వ్యాయామం వారానికి రెండు రోజులు, ఎముకల కోసం మొదలుపెట్టింది మనసుకూ పట్టింది. ఆపరేషన్ తర్వాత మొదటి ఆరు వారాలు మాత్రం బరువులు ముట్టుకోకూడదు, నడకే. ఏడాదికోసారి బీపీ, రొమ్ముల పరీక్ష, డాక్టరు చెప్పినప్పుడు ఎముకల గట్టితనం చూసే డెక్సా స్కాన్. నోటుబుక్కు ఇంకా ఉంది, జెల్ మోతాదు మారిన నెలలో మళ్లీ తెరుస్తాను.