సూది కంటే ముందు అల్ట్రాసౌండ్ ప్రోబ్: వెన్నులో నీరు తీయడంలో నా అనుభవం

ఆ పెద్దావిడ వీపు మీద అప్పటికే రెండు సూది గాట్లున్నాయి. రెండూ నేను పొడిచినవే. జ్వరం, మెడ బిగుసుకుపోవడం చూసి మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) అనుమానించాం. యాంటీబయాటిక్ మొదలుపెట్టాం కానీ, వెన్నులో నీరు పరీక్షకి పంపితే గానీ జబ్బు సంగతి తేలదు. ఆవిడది భారీ శరీరం. రెండు తుంటి ఎముకల పైఅంచుల్ని కలిపే గీత నాలుగో నడుము పూస దగ్గర పడుతుందని చదువుకున్నాం. ఆ అంచులే నా వేళ్ళకి సరిగ్గా అందలేదు. ఇదే అనుకున్న చోట గుచ్చాను. రెండుసార్లూ సూది ఎముకకే తగిలింది.

"ఇంక నా వల్ల కాదు బాబూ" అందావిడ, గోడవైపు తిరిగి పడుకునే.

ఆపేసి సీనియర్ మేడమ్‌ని పిలిచాను. మేడమ్ రాగానే సూది ముట్టుకోలేదు, అల్ట్రాసౌండ్ మెషిన్ తెమ్మన్నారు. 1891లో జర్మన్ వైద్యుడు క్వింకె వెన్నులో సూదితో నీరు తీసే పద్ధతి మొదలుపెట్టినప్పటి నుంచీ వైద్యులు వేళ్ళతో తడిమే చోటు వెతుకుతున్నారు. నేనూ అదే నేర్చుకున్నాను.

లోతుగా చూడగలిగే వంపు ప్రోబ్‌ని నడుము కింద, మధ్యగీతకి కొంచెం పక్కన నిలువుగా పెట్టి, లోపలికి వంచారు. త్రికాస్థి, అంటే నడుము పూసల కింద ఉండే ఎముక, తెగని తెల్లటి గీతలా కనబడింది. ప్రోబ్ పైకి జరుపుతుంటే ఒకచోట ఆ గీత తెగింది. అది ఐదో నడుము పూసకీ త్రికాస్థికీ మధ్య సందు. అక్కణ్ణుంచి పైకి ఒక్కో సందూ లెక్కపెట్టుకుంటూ వచ్చాం. నేను గుచ్చింది 3, 4 పూసల మధ్య అనుకున్నాను. నిజానికి అది 2, 3 పూసల మధ్య. పెద్దవాళ్ళలో వెన్నుపాము మామూలుగా 1, 2 పూసల దగ్గర ముగుస్తుంది, కొందరిలో ఇంకాస్త కిందికి ఉంటుంది. నాకు ఒళ్ళు జలదరించింది.

తర్వాత ప్రోబ్ అడ్డంగా తిప్పారు. పూస ముల్లు మీద ఉన్నప్పుడు నల్లటి నీడ. సందులోకి జారగానే నీడ పోయి, రెక్కలు చాపిన గబ్బిలం లాంటి ఆకారం, మధ్యలో రెండు తెల్లటి గీతలు. పైది పూసల్ని కలిపే లిగమెంటూ, వెన్నులో నీటిని చుట్టి ఉండే డ్యూరా పొరా. కిందది పూస వెనకభాగం. చర్మం నుంచి పై గీత దాకా కొలిస్తే ఆరున్నర సెంటీమీటర్లు. "గట్టిగా నొక్కితే కండ అణిగి లోతు తక్కువ చూపిస్తుంది, చెయ్యి తేలిక చెయ్యి" అన్నారు మేడమ్. ప్రోబ్ ఏ కోణంలో ఉన్నప్పుడు ఆ గీతలు బాగా కనబడ్డాయో గుర్తుపెట్టుకోమన్నారు, సూది వెళ్ళాల్సిన కోణమూ అదే కాబట్టి.

ప్రోబ్ నాలుగు వైపుల మధ్యలోనూ మార్కర్‌తో గుర్తులు పెట్టి, గీతలు కలిపాం. అవి కలిసిన చోటే సూది. జెల్ పూర్తిగా తుడిచి, యాంటీసెప్టిక్ రాశాం. అసలు టెన్షన్ ఇక్కడే. గుర్తు పెట్టాక పేషెంట్ కొంచెం కదిలినా చర్మం జరిగిపోతుంది, ఎముక అక్కడే ఉంటుంది. అందుకే సిస్టర్ ఆవిడ మోకాళ్ళూ భుజాలూ పట్టుకుని మాట్లాడిస్తూ కూర్చున్నారు.

మత్తిచ్చి సూది దింపాను. ఆరు సెంటీమీటర్లు దాటాక చేతికి చిన్న సడలింపు తెలిసింది. లోపలి తీగ తీసి ఆగాను. సూది చివర ఒక చుక్క ఊరి, నిలిచి, జారింది. కాస్త మసగ్గా ఉంది, నెత్తురు చార లేదు. గాయం నెత్తురు కలిస్తే కణాల లెక్క తికమకగా ఉంటుంది. ఆ బాధ తప్పింది.

"అయిపోయిందా? ముందే ఇలా చూడాల్సింది కదా బాబూ" అందావిడ.

"చూడాల్సిందమ్మా. క్షమించండి" అన్నాను.

మెదడులో ఒత్తిడి, ప్లేట్‌లెట్లు, రక్తం పలచబడే మందులు, ఇవన్నీ ముందే చూసుకోవాలి. ఆ పని ప్రోబ్ చెయ్యదు. ఇప్పుడు సన్నగా ఉండి పూసలు చేతికి తెలిసేవాళ్ళకి కూడా ప్రోబ్ పెట్టి చూస్తున్నాను. ఆ గబ్బిలం ఆకారం కోసం కష్టమైన వీపు మీద తడుముకోకూడదని.