ఎంత లెక్క పోతే తట్టుకోగలం

2022 జనవరిలో యుఏఈ ప్రభుత్వం వారాంతపు సెలవును శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మార్చి, శుక్రవారాన్ని సగం పనిదినం చేసినప్పుడు, దుబాయిలో కంప్యూటర్ సమాచారాన్ని భద్రపరిచే మా స్టోరేజీ విభాగానికి చాలా పని పడింది. అంతవరకు గురువారం రాత్రి మొదలై శుక్రవారమంతా నడిచిన పూర్తి బ్యాకప్‌ను, అంటే సమాచారమంతటికీ విడిగా కాపీ తీసే పనిని, శుక్రవారం సాయంత్రానికి జరపవలసి వచ్చింది. షార్జాలో ప్రభుత్వ కార్యాలయాలకు శుక్ర, శని, ఆది మూడు రోజులూ సెలవే కాబట్టి, వాటితో పని ఉండే మా శాఖకు వేరే వేళ పెట్టాము. సర్వర్లన్నీ పాతవే అయినా మనుషులు పనిచేసే వేళలు మారినందువల్ల, ఏ కాపీ ఎప్పుడు తీయాలో చెప్పే బ్యాకప్ పాలసీ మొత్తం తిరగరాశాము. ఆ రాత అసలు ఎవరిని అడిగి మొదలుపెట్టాలో నాకు బలంగా అర్థమైంది అప్పుడే.

ప్రతి విభాగాన్నీ మేము రెండు విషయాలు అడుగుతాము. ఎంతసేపటి పని పోతే మీరు తిరిగి చేసుకోగలరన్నది మొదటిది, దీన్ని ఆర్‌పీవో అంటాము. ఎంతసేపు పని ఆగితే ఓర్చుకోగలరన్నది రెండవది, అది ఆర్‌టీవో. వారానికొక పూర్తి కాపీ తీయాలా, రోజూ మారినంత మేరకే తీయాలా, గంటగంటకూ తీయాలా అన్నది ఆ జవాబులను బట్టే తేలుతుంది.

సెలవుకు వచ్చినప్పుడు మిర్యాలగూడలో మా మేనమామ రైస్ మిల్లులో ఇదే అడిగాను. మామ "రోజుకొక్కసారి చాలదా అల్లుడా" అన్నారు కానీ, కాంటా దగ్గర కూర్చునే పెద్ద గుమాస్తా ఒప్పుకోలేదు. "సీజన్‌ల రాత్రంతా ట్రాక్టర్లొస్తయి బిడ్డా, గంట లెక్క పోయినా రైతుకేం చెప్తం?" అన్నారాయన. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం పంట, ఆ తరువాత యాసంగి పంట కోతకు వచ్చినప్పుడు మిల్లు ముందు బండ్ల వరుస తెగదు. తక్కిన నెలల్లో రోజుకు ఒక్క కాపీ చాలునేమో కానీ, కోతల కాలంలో అరగంటకు ఒకటి కావాలి. దుబాయిలో ఏడాది పొడుగునా ఒకే షెడ్యూలు నడిపిన నాకు, ఋతువును బట్టి మారే పాలసీ మొదటిసారి అక్కడే తారసపడింది.

కాపీలు ఎక్కడ ఉండాలన్నదానికి మా వృత్తిలో 3-2-1 అనే నియమం ఉంది: అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి మాత్రం వేరే చోట. మిల్లు కంప్యూటరుకు ఎప్పుడూ తగిలించి ఉన్న హార్డ్ డిస్కును మామ బ్యాకప్ అనుకున్నారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే ఆ డిస్కుకు కూడా తాళం వేసేస్తుంది. ఊక దుమ్ము రెండింటికీ సమానంగా చేటు చేస్తుంది. అందుకని రెండు డిస్కులను వంతులవారీగా వాడి, ఒకటి ఇంట్లో ఉండేలాగు, మూడవ ప్రతి చెరపడానికి వీల్లేని గడువుతో క్లౌడ్‌లో చేరేలాగు ఏర్పాటు చేశాను.

ఎంతకాలం దాచాలన్నది చట్టమే చెబుతుంది. యుఏఈలో వ్యాట్ రికార్డులను కనీసం ఐదేళ్లు, కార్పొరేట్ పన్ను రికార్డులను ఏడేళ్లు ఉంచాలి. మన దగ్గర జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి.

తిరిగి తెరిచి చూడని కాపీని నేను లెక్కలోకి తీసుకోను. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో పొరపాటున అసలు డేటాబేస్ చెరిగిపోయినప్పుడు, ఉన్నాయనుకున్న ఐదు బ్యాకప్ పద్ధతుల్లో ఏదీ సరిగా అక్కరకు రాలేదు. దాదాపు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్నదున్నట్టు తీసిన కాపీ) ఒకటి ఉండబట్టి మిగతా సమాచారం దక్కింది. అందుకే మిల్లులో ఒక పాత కంప్యూటరు మీద కాపీని తెరిపించి, గుమాస్తా కోరిన తేదీ కాంటా చీటీని ఆయన చేతనే వెతికించాను. చీటీలోని తూకం, రైతుకిచ్చిన రసీదులోని తూకం సరిపోయాకే ఆయన తల ఊపారు. నెలకొకసారి ఈ పని ఆయనే చేసి పుస్తకంలో సంతకం పెట్టాలని, పాస్‌వర్డు మామ బీరువాలో ఒక ప్రతి, బావమరిది దగ్గర ఒక ప్రతి ఉండాలని కాగితం మీద రాసి, కాంటా గదిలో అతికించి వచ్చాను.