ఫెరారీ, మెర్సిడెస్, మెక్‌లారెన్: ఒరగడం కొలతల గదిలోంచి చూస్తే

2004లో ఫార్ములా వన్‌లో ఫెరారీ 18 రేసులకి 15 గెలిచింది. మరుసటి ఏడాది గెలిచింది ఒక్కటే, అదీ ఇండియానాపోలిస్‌లో. ఆ ట్రాక్‌కి తమ టైర్లు ఆగవని మిషెలిన్ చెప్పడంతో, ఆ టైర్లు వాడే టీమ్‌లన్నీ రేసుకి ముందు వేసే ఫార్మేషన్ ల్యాప్ అవగానే పిట్స్‌లోకి వెళ్ళిపోయాయి. ఆరు కార్లతోనే రేసు నడిచింది. మన నారాయణ్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడు. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడికి పాయింట్లు రావడం అదే మొదలు. చెన్నైలో రేసులంటే ప్రాణం పెట్టేవాళ్ళకి ఆ రేసు అందుకే గుర్తుంటుంది. నన్ను మాత్రం వేరే ప్రశ్న వదల్లేదు. అదే డ్రైవర్ షూమాకర్, అదే టెక్నికల్ డైరెక్టర్ రాస్ బ్రాన్, అదే ఫ్యాక్టరీ. ఒక్క ఏడాదిలో ఏం పోయింది?

ముఖ్యంగా ఒక రూల్ మారింది. 2005లో రేసు మధ్యలో టైర్లు మార్చకూడదన్నారు. ఫెరారీకి సొంత టెస్ట్ ట్రాక్ ఫియొరానో ఉంది. ఆ రోజుల్లో టెస్టింగ్‌కి ఇప్పుడున్నన్ని పరిమితులు లేవు. పెద్ద టీమ్‌లలో బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు వాడేది కూడా ఫెరారీ ఒక్కటే. కారుని బట్టి టైరు, టైరుని బట్టి కారు, రెండూ ఒకదానికొకటి అమరేలా ఏళ్ళ తరబడి కలిసి తయారుచేసుకున్నారు. మూడొందల కిలోమీటర్ల రేసంతా ఒకే సెట్ టైర్లతో నడవాలి అనేసరికి ఆ అమరిక చెదిరిపోయింది. మిషెలిన్ దగ్గర ఏడు టీమ్‌ల అనుభవం ఉంది, బ్రిడ్జ్‌స్టోన్‌కి ఫెరారీ తప్ప గట్టిగా నేర్పేవాళ్ళు లేరు.

నేను చెన్నై దగ్గర ఒరగడంలో కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. రోజంతా కొలతలతోనే పని. అందుకేనేమో, ఒక టీమ్ ఏళ్ళకేళ్ళు గెలుస్తుంటే నా కళ్ళు డ్రైవర్ మీద కంటే వాళ్ళ కొలతల మీదకే పోతాయి. 2023లో రెడ్‌బుల్ 22 రేసుల్లో 21 గెలుస్తున్నప్పుడు మా అక్క కొడుకు విసుక్కున్నాడు. "ఎవరు గెలుస్తారో ముందే తెలిశాక చూడ్డమెందుకు పిన్నీ? డబ్బున్నోళ్ళు గెలుస్తారు, అంతేగా?"

అంతే కాదు నాయనా. టయోటాని చూడు. 2002 నుంచి 2009 దాకా ఎనిమిది సీజన్లు ఆడింది. ఖర్చులో ముందు వరసలో ఉన్న టీమ్. జర్మనీలో కొలోన్ దగ్గర వాళ్ళు కట్టుకున్న విండ్ టన్నెల్, అంటే కారు నమూనా మీదకి గాలి వదిలి పరీక్షించే గది, ఎంత మంచిదంటే, టయోటా తప్పుకున్నాక కూడా మెక్‌లారెన్ దాన్ని ఏళ్ళ తరబడి అద్దెకి వాడుకుంది. అంత ఉండీ టయోటా ఒక్క రేసు కూడా గెలవలేదు. డబ్బు లేకపోతే గెలవలేరు, నిజమే. కానీ డబ్బు తెచ్చేది పనిముట్లనే. ఆ పనిముట్టు చెప్పిన అంకెకీ ట్రాక్ మీద కారు చేసేదానికీ పొంతన కుదరడం డబ్బుతో కొనుక్కునేది కాదు.

ఇది మా పనిలో ఉన్నవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. మా కొలతల గదిలో ఏసీ 20 డిగ్రీల దగ్గర పెట్టి, సీఎంఎం అనే కొలతల మెషీన్ మీద పార్టు కొలుస్తాం. పల్చటి గోడలున్న హౌసింగ్ ఒకటి ఉందనుకోండి. ఫిక్చర్‌లో బిగించి కొలిస్తే బోర్, అంటే బేరింగ్ కూర్చునే రంధ్రం, గుండ్రంగానే కనిపిస్తుంది. బిగింపు వదిలేస్తే లోహం తన దారిన తను సర్దుకుంటుంది, బోర్ కొంచెం కోలగా మారుతుంది. రిపోర్టులో అన్నీ ఓకే, అసెంబ్లీ లైన్ మీద మాత్రం బేరింగ్ సరిగ్గా కూర్చోదు. అప్పుడు ఫ్యాక్టరీలో రెండు రకాల మనుషులు బయటపడతారు. "రిపోర్ట్ ఓకేనే కదా, లైన్ వాళ్ళే సరిగ్గా పెట్టట్లేదు" అనేవాళ్ళు ఒకరు. వదిలేసి మళ్ళీ కొలుద్దాం అనేవాళ్ళు ఇంకొకరు. రెండో రకం వాళ్ళ మాట చెల్లే చోటే పని బాగుపడుతుంది. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

మెర్సిడెస్‌కి 2022లో జరిగింది ఇలాంటిదే. 2014 నుంచి 2021 దాకా వరసగా ఎనిమిది కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్ళు, అంటే టీమ్‌లకిచ్చే టైటిళ్ళు, కొట్టిన టీమ్ అది. కొత్త రూల్స్‌తో కారు అడుగుభాగమే గాలిని వాడుకుని నేలకి అతుక్కునే పద్ధతి వచ్చింది. టన్నెల్‌లో వాళ్ళ అంకెలు అద్భుతంగా ఉన్నాయి. ట్రాక్ మీదకి రాగానే స్ట్రెయిట్‌లో కారు ఎగిరెగిరి పడటం మొదలైంది. కారణం చూడండి: రూల్స్ ప్రకారం టన్నెల్‌లో పెట్టే నమూనా అసలు కారులో 60 శాతానికి మించకూడదు, గాలి వేగం సెకనుకి 50 మీటర్లు దాటకూడదు. అంటే గంటకి 180 కిలోమీటర్లు. 300 దాటాక కారు ఏం చేస్తుందో ఆ గదిలో కనిపించే వీలే తక్కువ. ఆ ఏడాది ఒక్క రేసు గెలిచారు, తర్వాతి ఏడాది ఒక్కటీ లేదు. అదే సమయంలో రెడ్‌బుల్‌లో కార్ల డిజైనర్ ఏడ్రియన్ న్యూవీ ఉన్నాడు. 1980 ప్రాంతంలోనే, యూనివర్సిటీ చివరి ఏడాది ప్రాజెక్టుగా ఈ గ్రౌండ్ ఎఫెక్ట్ మీదే పనిచేసిన మనిషి. టన్నెల్ చూపించనిది ఏదో ఆయనకి తెలుసు.

అనుభవం ఉన్న మనుషులు ఒకే చోట నిలబడి ఉండటానికి ఎంత విలువుందో ఫెరారీ చరిత్రే చెప్తుంది. టీమ్‌ని నడపడానికి జాన్ టాడ్ 1993లో వచ్చాడు. షూమాకర్ 1996లో, బ్రాన్, డిజైనర్ రోరీ బర్న్ ఆ తర్వాత. 1997, 98, 99 మూడేళ్ళూ డ్రైవర్ల టైటిల్ చివరి రేసులో చేజారింది. ఇటలీ పత్రికలు ఊరుకుంటాయా! అయినా ఆ నలుగురిలో ఎవరినీ పంపించలేదు. 1999 నుంచి 2004 దాకా వరసగా ఆరు కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్ళు. మన దగ్గర రెండు క్వార్టర్లు దెబ్బతింటే మేనేజర్‌ని మార్చేస్తారు. 1993 నుంచి 1999 దాకా పట్టిన ఆ ఆరేళ్ళ ఓపికే నాకు ఆ టైటిళ్ళకంటే పెద్దదిగా అనిపిస్తుంది.

మెర్సిడెస్ కూడా అంతే. 2010 నుంచి 2012 దాకా మూడేళ్ళలో గెలిచింది ఒక్క రేసు. పైకి దండగమారి టీమ్‌లా కనిపించింది. లోపల, ఇంగ్లండ్‌లో బ్రిక్స్‌వర్త్‌లోని వాళ్ళ ఇంజిన్ ఫ్యాక్టరీలో, 2014 హైబ్రిడ్ ఇంజిన్ తయారవుతోంది. టర్బోలో టర్బైన్‌ని ఇంజిన్ వెనక, కంప్రెసర్‌ని ముందు పెట్టి, మధ్యలోంచి షాఫ్ట్ నడిపారు. దాంతో చల్లటి గాలి వేడికి దూరంగా ఉంది. రేసులు మొదలయ్యేసరికి మిగతావాళ్ళు చాలా వెనకబడి ఉన్నారు. పైగా ఖర్చు తగ్గించడానికి ఇంజిన్‌లో మార్పులకి టోకెన్ల లెక్కన పరిమితి పెట్టారు. అది ముందున్నవాడికే రక్షణ కంచెలా పనిచేసింది. ఈ రూల్ నాకెప్పుడూ నచ్చలేదు.

ఒక్క ఏడాది గెలవడం వేరు. 2008లో హోండా ఆ ఏడాది కారుని పక్కనపెట్టి 2009 రూల్స్ మీద పడింది. డిసెంబర్‌లో కంపెనీయే తప్పుకుంటే, బ్రాన్ అదే టీమ్‌ని నిలబెట్టి రెండు టైటిళ్ళూ కొట్టాడు. మొదటి ఏడు రేసుల్లో ఆరు వాళ్ళ డ్రైవర్ బటన్‌వే. సీజన్ మధ్యకి వచ్చేసరికి డబ్బున్న టీమ్‌లు అందుకోవడం మొదలుపెట్టాయి. ఏళ్ళ తరబడి పైన ఉండాలంటే ఈ ఏడాది గెలుస్తూనే వచ్చే ఏడాది కారు మీద మనుషుల్ని పెట్టగలగాలి. ముందున్నవాడికి ఆ తీరిక దొరుకుతుంది, వెనకున్నవాడికి దొరకదు.

ఇప్పుడు ఆ తీరికని కోసేస్తున్నారు. 2021 నుంచి ఖర్చుకి పరిమితి ఉంది. టన్నెల్ సమయానికి ఒక లెక్క పెట్టి, మొదటి స్థానంలో ఉన్న టీమ్‌కి అందులో 70 శాతమే, పదో స్థానానికి 115 శాతం ఇస్తున్నారు. 2023 మొదట్లో అట్టడుగున ఉన్న మెక్‌లారెన్, అదే ఏడాది వోకింగ్‌లోని తమ ఫ్యాక్టరీలో సొంత టన్నెల్ మొదలుపెట్టి, 2024లోనూ 2025లోనూ కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ గెలిచింది.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్ళినప్పుడు కూడా నేను ఇదే చూస్తాను. ఎల్జీబీ ఫార్ములా 4లో అందరివీ ఒకే రకం కార్లు. అయినా ల్యాప్ అవగానే టైర్ ప్రెషర్ చూసి పుస్తకంలో రాసుకునే మెకానిక్‌లు ఉన్న గ్యారేజీ ఏదో ఇట్టే తెలిసిపోతుంది.

టీవీలో రేసు చూసేవాళ్ళకి చెప్పేది ఒకటే. ఆదివారం కంటే శుక్రవారం ప్రాక్టీస్ చూడండి. కారు మీద ఆకుపచ్చ రంగు పూసుకుని, చక్రాల పక్కన పెద్ద జల్లెడ లాంటి సెన్సర్ల చట్రం తగిలించుకుని తిరుగుతుంటారు. గాలి టన్నెల్‌లో చెప్పినట్టే పోతోందా అని సరిచూసుకోవడం అది. ఆ వారం తెచ్చిన కొత్త ఫ్లోర్, అంటే కారు అడుగుభాగం, శనివారం క్వాలిఫైయింగ్‌కి కూడా కారు మీదే ఉందా, లేక రాత్రికి రాత్రి పాతది బిగించారా చూడండి. మూడు నాలుగు రేసులు వరసగా తెచ్చిన పార్టు తెచ్చినట్టే నిలబడిన టీమ్ కనిపిస్తే, పాయింట్ల పట్టికలో ఎక్కడున్నా సరే, దాని మీద ఓ కన్నేసి ఉంచండి.